కంచె ఇవతలి బెంచీ

మా ఆయన అరవై ఒకటో ఏట ఒక చైనా దానితో ప్రేమలో పడ్డాడు, ఈ మాట ఇంకెవరితో చెప్పినా నవ్వుతారు కాబట్టి ఈ బెంచీతో చెప్పుకుంటున్నాను, అది తెల్లగా ఉంటుందట, అరవదట, పొగ వదలదట, పెట్రోలు తాగదు గ్యాసు అడగదు, సాయంత్రం పెరట్లో ఒక తీగ తగిలించి వదిలేస్తే తెల్లారేసరికి కడుపు నింపుకుని సిద్ధంగా ఉంటుందట, ముప్పై మూడేళ్ళ కాపురంలో నా దగ్గర వెతికి దొరకని సుగుణాలన్నీ దానిలో ఒకేచోట పోసి పంపారు, మొన్న వాళ్ళ తమ్ముడి కరెంటు కారు రెండు రోజులకి అడిగి తెచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మా కోకండ్ ఊరి వీధులన్నీ తిప్పాడు, విన్నావా అన్నాడు, ఏం వినాలి అన్నాను, అదే, ఏమీ వినపడటం లేదు చూడు అని పెళ్ళికొడుకులా మురిసిపోయాడు, ఏమీ వినపడకపోవడం నాకు కొత్త గానీ ఆయనకేం కొత్త, నేను మాట్లాడుతున్నప్పుడల్లా ఆయనకి అంతే కదా.

ముఅత్తర్ వాళ్ళమ్మా, దిగు అన్నాడు ఇందాక, ఇరవై ఏళ్ళుగా అదే మాట, చాలా ఏళ్ళుగా అదే చోటు, మీథేన్ బంకు గేటు ఎక్కడో ఆవగింజంత కనిపిస్తుండగానే ఈ పాప్లార్ చెట్టు దగ్గర బండి ఆపి దిగమంటాడు, గ్యాసు పట్టేటప్పుడు కారులో డ్రైవరు తప్ప ఇంకో ప్రాణి ఉండకూడదని రూలు, ముసలమ్మ అయినా పసిబిడ్డ అయినా బయటే దిగి కంచె ఇవతల కూర్చోవాల్సిందే, ఒకసారి పెళ్ళికారు వస్తే తెల్లగౌను పైకెత్తి పట్టుకుని పెళ్ళికూతురు కూడా ఇదే బెంచీ మీద కూర్చుంది, పెదాల రంగు పోకుండా పొద్దుతిరుగుడు గింజలు కొరకడం ఎలా పిన్నీ అని నన్నే అడిగింది, పళ్ళు ముందుకి పెట్టు తల్లీ, పెదాలు వెనక్కి అన్నాను, కాపురానికి కూడా ఇదే పద్ధతి అందామనుకుని మంచిరోజు కదాని ఊరుకున్నాను, అయితే రూలు ప్రకారం గేటు దాకా వెళ్ళి దిగితే చాలు, తతిమ్మా మొగుళ్ళందరూ అక్కడే దింపుతారు, వాళ్ళ ఆడవాళ్ళు ఈ బెంచీ దాకా నడిచొచ్చి కూర్చుంటారు, మా హమ్రోకుల్ గారు మాత్రం రెండు వందల అంగల ముందే దింపేస్తాడు, ఈ బెంచీ కూడా ఆయన చేసిందే, పాత గుమ్మం చెక్కలతో చేసి మొదట గేటు పక్కనే వేశాడు, తర్వాత ఒక ఏడాది దాన్ని ఊడబెరికి ఈ చెట్టు కిందికి మార్చాడు, ఎందుకండీ అంటే నీడ కోసం అన్నాడు, పాప్లార్ కింద నీడ ఎక్కడుంటుంది, జెండా కర్ర కింద ఉన్నంత ఉంటుంది, వేసవిలో ఎండ సూటిగా మొహం మీద, ఇప్పుడు నవంబరులో చెట్టుకి ఆకులు కూడా లేవు, నా సణుగుడు లోపలి డ్రైవర్లకి వినపడకుండా ఇంత దూరం జరిపాడని నా గట్టి నమ్మకం.

ఈరోజు ఆఖరిసారి దింపాడు, పదకొండున్నరకి నోటరీ దగ్గరికి రిష్తాన్ నుంచి ఒక కుమ్మరాయన వస్తాడు, మా కారు అక్కుష్‌ని కొనుక్కుంటాడు, అక్కుష్ అంటే హంస, తెల్లగా ఉందని మా అమ్మాయి ముఅత్తర్ చిన్నప్పుడు పెట్టిన పేరు, ఇప్పుడు హంసకి రెక్కల కింద తుప్పు, అమ్మేసే కారుకి మళ్ళీ గ్యాసు ఎందుకండీ అని పొద్దున అడిగాను, ఎదురింటివాళ్ళ గిన్నె నువ్వెప్పుడైనా ఖాళీగా తిరిగిచ్చావా అన్నాడు, నిజమే, మా వీధిలో ఎవరి గిన్నె మనింటికొచ్చినా నాలుగు ఎండు ఆప్రికాట్లైనా వేసి పంపుతాం, కారుని కూడా అలా నిండు కడుపుతో పంపాలని ఆయన ఉద్దేశం, నా ఉద్దేశం వేరు, కారు నా పేరు మీద ఉంది, కొన్న రోజుల్లో పేర్లు రాయించుకుని ఏళ్ళ తరబడి వంతు కోసం చూసేవాళ్ళం, నా పేరు ముందొచ్చింది, అందుకని సంతకం నాదే పడాలి, నా చేతిసంచిలో పాస్‌పోర్టు ఉంది, పాస్‌పోర్టు వెనకాల నా నిర్ణయం ఉంది, నోటరీ కలం చేతికిచ్చాక, క్షమించండి, నేను పెట్టను అనబోతున్నాను, పెట్టకపోతే కరెంటు కారు లేదు, వాళ్ళ తమ్ముడు దాన్ని మాకు అమ్మడానికి రేపటి దాకానే ఆపుతానన్నాడు, అది లేకపోతే ఆయన ఈ చలికాలం కూడా ఈ వరుసలోనే నిలబడాలి, ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే అలా అనబోతున్నాను, తాష్కెంటు నుంచి ముఅత్తర్ వారం రోజులుగా ఫోను, అమ్మా, పేచీ పెట్టకు, నాన్న మోకాళ్ళు చూశావా, పోయినేడు వేళ్ళు ఎలా వాచాయో చూశావా, నేనేం పేచీ పెడతానే బంగారం అంటున్నాను, అబద్ధం ఆడేటప్పుడు నా గొంతు చాలా తీయగా ఉంటుంది.

నా వాదన గాలిలోంచి పుట్టింది కాదు, నేను ఫెర్గనాలో అర్థశాస్త్రం చదివాను, ప్రణాళికా అర్థశాస్త్రం, ఐదేళ్ళ ప్రణాళిక ఎలా వేయాలో ఐదేళ్ళు నేర్పి ఎర్ర అట్ట పట్టా చేతిలో పెట్టారు, దాని మీద సిరా ఆరేలోగా ఆ ప్రణాళికలు వేసే దేశమే లేకుండా పోయింది, ఇక ఇంటికే వేసుకుంటూ వచ్చాను, పిండి ఎంత, నూనె ఎంత, పెళ్ళిళ్ళకి చదివింపులు ఎంత, కాబట్టి నాకు కనిపించేది నాకు కనిపిస్తుంది, మొదట పెట్రోలు, రోడ్డు పక్కన మూడు లీటర్ల గాజు సీసాల్లో చెర్రీ పానకంలా పెట్టి అమ్మేవాళ్ళు, ఒకసారి మా అత్తగారు నిజంగానే పానకం అనుకుని బేరమాడింది, తర్వాత మీథేన్ చవక, సిలిండరు పెట్టించుకోండి అన్నారు, ఊరంతా పెట్టించుకుంది, మా డిక్కీ అంతా ఎర్ర సిలిండరే, ఇక సామాను పెట్టే చోటు లేదు, మా అమ్మ పల్లె నుంచి పంపిన కర్బూజాలు ఒక్కొక్కరం ఒక్కొక్కటి ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లల్లా ఎత్తుకొచ్చేవాళ్ళం, అందరూ అలవాటుపడ్డాక టీవీలో నీలం టై ఆయన కనపడి, సబ్సిడీ బడ్జెట్‌కి భారమైపోయింది అన్నాడు, భారం ఎక్కడ దించుతారో మాకు తెలుసు, కర్బూజా లాగా మా ఒళ్ళోనే, ఊరి మధ్య రంగురంగుల ఫౌంటెన్ కట్టినప్పుడు మాత్రం భారం కాలేదు, ఇప్పుడు కరెంటు బళ్ళకి సుంకం లేదు, తీగ తగిలించుకునే స్తంభాలు వీధి వీధికీ మేమే పాతుతాం రండి రండి అంటున్నారు, రేపు ఊరంతా కొన్నాక ఆ నీలం టై మళ్ళీ రాదా, చూస్తూ ఉండండి అన్నాను, అయితే గాడిదని కొనమంటావా అన్నాడు మా ఆయన, గడ్డి ధర కూడా పెరిగిందండీ అన్నాను, అయితే నడుద్దాం అన్నాడు, చెప్పుల ధర ఎత్తబోయాను, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు, అదీ మా ఇంట్లో బడ్జెట్ చర్చ.

ధరలు ఎంత పెరిగాయో ప్రభుత్వం ఏడాదికోసారి చెబుతుంది, నాకు హోస్యత్ అక్క వారానికోసారి చెబుతుంది, ఇదిగో, ఈ బెంచీ పక్కనే గోనె పరుచుకుని వేయించిన పొద్దుతిరుగుడు గింజలు అమ్ముతోంది, మొదట్లో పలకల గాజు గ్లాసుతో పోసేది, పైన గోపురం లేచేలా, తర్వాత గోపురం పోయింది, తర్వాత గ్లాసు మారింది, తర్వాత అడుగు మందంగా ఉండే గ్లాసు వచ్చింది, ఈమధ్య టీ తాగే చిన్న పింగాణీ గిన్నె పట్టింది, నేను ధర పెంచలేదమ్మా అని ఒట్లు మాత్రం అంతే గట్టిగా వేస్తుంది, హోస్యత్ అక్కా, వచ్చే ఏడు దేనితో కొలుస్తావు, మా ఇంట్లో బట్టలు కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తాను ఉంది, తెచ్చివ్వనా అన్నాను ఇందాక, తేవే, చదువుకున్నదానివి నువ్వు మాటలు కొలువు, నేను గింజలు కొలుస్తాను, సాయంత్రానికి ఎవరి గోనె ఖాళీ అవుతుందో చూద్దాం అంది, అని దోసిట్లో గింజలు పోసింది, గిన్నెతో కాదు, పిడికిలితో, డబ్బులు వద్దులే, ఆఖరిసారి అంటున్నావుగా అంది, నేనూ నెలాఖరుకి మానేస్తున్నాను జుల్హుమోర్, ఈ కరెంటు కార్ల వాళ్ళు చూడు, చప్పుడు లేకుండా వెళ్ళిపోతున్నారు, ఎవరూ ఆగరు, ఎవరూ దిగరు, దిగకపోతే ఈ గింజలు ఎవరు తింటారు, అంది, రోడ్డు మీద ఒక తెల్లది పిల్లిలా వెళ్ళిపోయింది, మా ఆయన ప్రియురాలి చెల్లెలు.

ఒకప్పుడు ఈ బెంచీ మీద ఎనిమిది మందిమి ఇరుక్కుని కూర్చునేవాళ్ళం, తొమ్మిదో ఆవిడ వస్తే ఎవరి పిల్లాడో ఒళ్ళోకి మారేవాడు, చలికాలం గ్యాసు నెమ్మదిగా ఎక్కుతుంది, లోపల డ్రైవర్లు ఒకళ్ళనొకళ్ళు క్షేమం అడగడం మానేసి ప్రెషరు ఎలా ఉంది అని అడిగేవాళ్ళు, ప్రెషరు లేదని ఎవరైనా అరిస్తే వాళ్ళ మొహాలు వాడిపోయేవి, బెంచీ మీద మా మొహాలు వెలిగేవి, ఇంకో అరగంట దొరికిందని, ఇంట్లో నేను కూర్చోవడం మా అత్తగారు ఉన్నంతకాలం ఎవరూ చూడలేదు, కూర్చుంటే లేచి ఏదో ఒకటి తేవాలి, టీ, రొట్టె, కుర్రదాని పుస్తకం, పెద్దాయన కళ్ళజోడు, ఇక్కడ మాత్రం కూర్చోమని రూలు ఉంది, లేవడానికి వీల్లేదు, ప్రభుత్వం నా కోసమని చేసిన ఒకే ఒక్క చట్టం ఇది, ఈ చట్టం కింద నేను పద్నాలుగు నవలలు చదివాను, రెండు స్వెట్టర్లు అల్లాను, ఇక్కడే ముఅత్తర్‌కి ఏడో ఎక్కం నేర్పాను, ఏడెనిమిదులు దగ్గర ఆగిపోయేది, గింజలు ఏడేసి చొప్పున ఎనిమిది కుప్పలు పోసి లెక్కపెట్టమంటే లెక్కపెట్టే లోపల రెండు కుప్పలు తినేసేది, ఇక్కడే ఆ ముఅత్తర్‌కి తాష్కెంటులో సీటు వచ్చిందని ఫోనులో విన్నాను, విని చెప్పుల్లేకుండా లేచి గెంతాను, కంచె లోపల నుంచి మా ఆయన చూసి ఎవరో పోయారనుకున్నాడు, అప్పుడే తన వంతు వచ్చింది, కారు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు, కాపలావాడు ఈల వేశాడు, వెనకవాళ్ళు హారన్లు, సీటండీ సీటు అని నేను చెప్పేలోపు ఆయన్ని లాక్కుపోయారు, వంతు పోయింది, మళ్ళీ వరుస చివరి నుంచి మొదలు, రెండు గంటలు, నేను బెంచీ మొత్తానికి గింజలు కొనిపెట్టాను, అందరూ నా మెడ పట్టుకుని ముద్దులు పెట్టారు, ఎవరో పాట కూడా ఎత్తుకున్నారు, ఇక్కడే నా మనవరాలు ఓయ్‌దిన్ ఈ చెక్క పట్టుకుని నిలబడి, చెయ్యి వదిలి, హోస్యత్ అక్క గోనె దాకా నాలుగు అడుగులు వేసింది, మొట్టమొదటి అడుగులు, ఆయన కారు తీసుకుని వచ్చాక చెబితే ఏదీ, మళ్ళీ నడిపించు అన్నాడు, అది చక్కగా చతికిలబడి పొట్టు నమిలింది, ఎన్ని వేసింది అన్నాడు, నాలుగు అన్నాను, నాలుగా అన్నాడు, దారంతా, ఎడమ కాలు ముందా కుడి కాలు ముందా, పడిందా పడలేదా, నాలుగేనా, నేను విసుక్కున్నాను, కోర్టులో సాక్ష్యమా ఇది అన్నాను, అందరం నవ్వాం, ఇవన్నీ నోటరీకి ఎలా చెప్పను, నాకు కారు కాదయ్యా కావలసింది, కారు ఎవరికి కావాలి, ఈ బెంచీ కావాలి, దిగు అనేవాడు లేకపోతే నేను ఎక్కడ దిగాలి.

అవునే, ఈ బెంచీ ఏం చేస్తారు, ఇంటికి తీసుకుపోతారా అంది హోస్యత్ అక్క, నా ఆలోచన చదివినట్టు, దీని బరువు నీకేం తెలుసు, ఇక్కడికి మార్చిన రోజు చూడాలి నీ మొగుడి తంటా, గేటు దగ్గర భుజానికెత్తుకుని అంగలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు, పైకే, నూట తొంభై, నూట తొంభై ఒకటి అని, ఏం హమ్రోకుల్ తమ్ముడూ, రోడ్డు కొనేస్తున్నావా అని ఎకసెక్కం చేశాను, నవ్వలేదు, బెంచీ దింపి మళ్ళీ వెనక్కెళ్ళి నా గోనె కూడా మోసుకొచ్చాడు, అక్కా, నువ్వూ ఇక్కడే కూర్చో, గేటు దగ్గర వద్దు అన్నాడు, గేటు దగ్గరైతేనే కదరా బేరాలు అంటే, బేరాలు నేను పంపుతా అన్నాడు, పంపాడు కూడా, ప్రతి డ్రైవరుకీ చెప్పి, నీకు తెలియదా ఏంటి, ఆ సిద్దీక్ చనిపోయిన వారమే కదా, అదెక్కడో దూరాన ఇంకో బంకులో, పాత సిలిండరు పేలి, పాపం వాళ్ళావిడ రూలు ప్రకారం గేటు బయటే నిలబడి ఉందట, అయినా ఇప్పటికీ ఒక చెవి వినపడదు.

సిద్దీక్, అవును, మా ఆయనతో పాటు తాష్కెంటు దారిలో బండి నడిపేవాడు, మా ఇంటికొస్తే చెప్పులు విప్పకముందే వదినా టీ అనేవాడు, ఆ రోజు పాతిపెట్టి వచ్చి మా ఆయన చారు ముందు కూర్చున్నాడు, చారు చల్లారిపోయింది, ఎలా జరిగిందండీ అన్నాను, ఇనుము పాతబడితే అంతే అన్నాడు, నేను ఉప్పు ఎక్కువైందా అని అడిగాను, చారు గురించి, ఆ తర్వాతే బెంచీ మారింది, నీడ కోసం అన్నాడు, నేను నమ్మలేదు, నమ్మకుండా ఇంకో కారణం నేనే కల్పించుకుని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పి నవ్వించాను, మా ఆయనకి నా నోరంటే భయం, అందుకే ఇంత దూరం అని, ఈ బెంచీ మీదే చెప్పాను, ఎనిమిది మందికీ చెప్పాను, వరసపెట్టి ఒక్కొక్క రోజూ తీసి చూసుకుంటున్నాను ఇప్పుడు, ఏడెనిమిదుల రోజు, సీటొచ్చిన రోజు, నాలుగు అడుగుల రోజు, స్వెట్టర్లు అల్లిన రోజులు, అన్నీ తీపే, అన్నిట్లో పాట ఉంది, గింజలు ఉన్నాయి, పక్కన ఎవరో ఒకరు ఉన్నారు, ఏ ఒక్కదానిలోనూ ఆయన లేడు, పరుగెత్తుకొచ్చిన రోజు కూడా లాక్కుపోయారు, ఆయన అదే గంటలో కంచె అవతల, తెరిచిన డిక్కీ దగ్గర, ఇనుము పాతబడితే ఏమవుతుందో తెలిసి, ఆ ఎర్ర సిలిండరు పక్కన ఒక్కడూ నిలబడి ఉన్నాడు, నాకు అరగంట ఎక్కువ దొరికిందని నేను సంతోషపడిన ప్రతి అరగంటా ఆయన అక్కడే ఎక్కువ నిలబడ్డాడు, కుడి కాలు ముందా ఎడమ కాలు ముందా అని ఎందుకు అన్నిసార్లు అడిగాడో, చూడనివాడు అడక్క ఏం చేస్తాడు.

అక్కుష్ గేటు దాటి వస్తోంది, దగ్గుకుంటూ, చెట్టు దగ్గర ఆగింది, నా వైపు తలుపు ఆయన చేతికి తప్ప తెరుచుకోదు కాబట్టి ఎప్పటిలా ఆయనే దిగాడు, దిగడానికి తలుపు పట్టుకుని ఒకసారి, మోకాలు పట్టుకుని ఒకసారి, వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ వచ్చాడు, ప్రెషరు లేదు ఈరోజు, ముప్పావే ఎక్కింది, ఆ కుమ్మరాయన ఏమనుకుంటాడో ఏమో అన్నాడు, నేను లేవలేదు, ఎన్ని అంగలు అన్నాను, ఏంటి అన్నాడు, గేటు నుంచి ఈ బెంచీకి, ఆయన హోస్యత్ అక్క వైపు చూశాడు, ఆవిడ ఒక్కొక్క గింజా ఏరి చూసుకుంటోంది, ముత్యాలు ఏరినట్టు, రెండు వందల పన్నెండు అన్నాడు ఆయన, నీడ కోసం అన్నారుగా అన్నాను, నీడ కూడా ఉంది అన్నాడు, ఇద్దరం నేల మీదికి చూశాం, చెట్టు నీడ సన్నటి గీతలా బెంచీకి అవతల పడి ఉంది, పద, నోటరీ భోజనానికి లేచిపోతాడు అన్నాడు, అక్కడ సంతకం పెట్టనని చెబుదామని వచ్చానండీ అన్నాను, తెలుసు, ముఅత్తర్ చెప్పింది, వారం నుంచీ నీ గొంతు తేనెలా ఉందట అన్నాడు, తెలిసి మరి గ్యాసు ఎందుకు పట్టించారు, ఆయన తలుపు తెరిచి పట్టుకుని, ఆ కొనేవాడికైతే నిండు గిన్నె, నువ్వు పెట్టనంటే మనకే పనికొస్తుంది అనుకున్నా అన్నాడు, ఇంకో చలికాలానికి, అంత మామూలుగా, ఉల్లిపాయలు రెండు కిలోలు తెచ్చా అన్నంత మామూలుగా.

కరెంటు ధర పెరుగుతుంది, ఆ నీలం టై వస్తుంది, రాసి పెట్టుకోండి, నా లెక్క తప్పు కాదు, అన్నాను, కాదులే అన్నాడు, లెక్క తప్పు కాదు గానీ, అని ఆగాను, ముప్పై మూడేళ్ళలో ఈ మాట పలకడం అలవాటు లేక నాలుక ఎటు తిప్పాలో తెలియలేదు, మెల్లగా అన్నాను, అక్కుష్ డుగడుగలాడుతోంది, ఏంటీ, వినపడలేదు, ఈ ఇంజను గోలలో అన్నాడు చెవి దగ్గరికి చెయ్యి పెట్టి, నిజంగానే వినపడలేదో, ఇన్నేళ్ళకి దొరికిందని రెండోసారి వినాలనుకున్నాడో, ఎలాగైనా ఈసారి లేచి నిలబడ్డాను, తప్పు నాదండీ, అన్నాను, రెండు వందల పన్నెండు అంగల అవతల గేటు దగ్గరి డ్రైవర్లు కూడా తలలు తిప్పి చూసేంత గట్టిగా.